అడగవలసిన వారిని అడుగుదాం

హిజ్రీ 6వ సంవత్సరం, అంటే క్రీ.శ. 628. హుదైబియా ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది ఉమ్రా చేయకుండానే తిరిగి వెళ్లాలన్న షరతు దాదాపు 1400 మంది సహచరుల మనసులను కలచివేసింది. ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోండని దైవప్రవక్త (సఅసం) మూడుసార్లు చెప్పినా ఎవరూ లేవలేదు.

ఆయన గుడారంలోకి వెళ్లి ఈ సంగతి తన సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు చెప్పారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు తమ ఖుర్బానీ ఇచ్చి, తల గొరిగించుకోమని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు.

అంతమంది మగవారు దిక్కుతోచక కూర్చున్నవేళ దారి చూపింది ఒక స్త్రీ. ఆ సలహాను తక్షణం పాటించింది సాక్షాత్తూ దైవప్రవక్త (సఅసం).

మరి మన ఇళ్లలో? కూతురి నిఖా, పిల్లల చదువు, ఇంటి అమ్మకం ఏదైనా మగవారు ముందుగదిలో తేల్చేస్తారు. లోపలికి కబురు మాత్రం వెళుతుంది. కబురు చెప్పడం మష్వరా అవుతుందా? తల్లినీ, కూతురినీ ముందే అడుగుదాం. వారు కాదంటే కారణం విందాం. మాట ఇచ్చేశాక అడిగి ప్రయోజనమేముంది?