సర్వర్ మన గదిలోనే ఉండాలి

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల దాకా చిన్న ఆఫీసులకు కేబుళ్లు లాగడం, కంప్యూటర్లు బాగుచేయడం నా పని. సహకార సంఘమైనా స్వచ్ఛంద సంస్థ అయినా ఈ మధ్య ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "అన్నా, అన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం, మళ్లీ సర్వర్ గోలెందుకు?" హైదరాబాద్‌లో ఆ మాట చెల్లుతుంది. గాలివానకు చెట్టు విరిగి తీగల మీద పడితే కరెంటూ నెట్టూ కలిసే పోయే చోట చెల్లదు. పోడు పట్టా కాపీ కోసం పొద్దున్నే ఆటో ఎక్కి వచ్చిన కోయ పెద్దాయనతో "నెట్ లేదు తాతా, రేపు రా" అనడం మనకు తేలికే. ఆయనకు ఇంకో రోజు కూలి పోతుంది.

ఐదారుగురు పనిచేసే చోట సర్వర్‌కు అద్దాల గదీ ఏసీలూ అక్కర్లేదు. మంచి కండిషన్‌లో ఉన్న పాత డెస్క్‌టాప్, రెండు కొత్త హార్డ్‌డిస్కులు, ఉచితంగా దొరికే లైనక్స్, దాని మీద సాంబా. చాలు. ఆస్ట్రేలియాలో చదువుకుంటూ ఆండ్రూ ట్రిడ్జెల్ 1992 ప్రాంతంలో మొదలుపెట్టిన ఈ సాంబా పుణ్యమే, లైనక్స్‌లో ఉన్న ఫోల్డర్లు విండోస్ కంప్యూటర్లలో మామూలుగా తెరుచుకోవడం. సర్వర్‌కు మారని ఐపీ అడ్రస్ ఇవ్వండి. లేదంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా "ఫోల్డర్ కనిపించట్లేదు" అని నాకు ఫోన్లు. వైఫై మీద నడపొద్దు, కేబులే వేయండి. ఒక్కో కేబుల్ 100 మీటర్లు దాటకూడదంటారు కానీ, మన ఆఫీసుల్లో అంత దూరం ఎక్కడుందిలే.

పేచీ వచ్చేది పాస్‌వర్డుల దగ్గర. ఆఫీసంతటికీ ఒక్కటే, అదీ మానిటర్ అంచున స్టిక్కర్ మీద. "అందరం మనవాళ్లమే కదా" అంటారు. మనవాళ్లమే కాబట్టే ఎవరి పేరు వాళ్లకుండాలి. జమాఖర్చుల ఫోల్డర్‌లో అకౌంటెంట్ ఒక్కరే రాయాలి, మిగతావాళ్లు చదివితే చాలు. రేపు ఒక ఫైలు మాయమైతే అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకునే పని తప్పుతుంది.

రెండు డిస్కుల్లో ఒకే సమాచారం పెట్టాం, బ్యాకప్ అయిపోయిందనుకుంటే పొరపాటు. ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ అప్పుడే చెరిగిపోతుంది. నెట్ ఉన్న రాత్రి తాళం వేసిన కాపీ ఒకటి క్లౌడ్‌కు పోవాలి. క్లౌడ్ పనికొచ్చేది అక్కడే. వారానికోసారి ఇంకో డిస్కు కొత్తగూడెమో ఖమ్మమో చేరాలి. నెలకోసారి ఆ కాపీలోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. ఈ చివరిది ఎవరూ చేయరు.

ఇక గోదావరి. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. అందుకే ర్యామ్ ఎంత కావాలని అడిగేలోపే, 2022లో ఈ గోడకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని నేను అడుగుతాను. బురద చార ఇంకా కనిపిస్తున్న గదుల్లోనూ సీపీయూ టేబుల్ కింద నేల మీదే ఉంటుంది! పై అంతస్తు ఉంటే అక్కడ, లేకుంటే గోడకు ఎత్తుగా ఇనుప స్టాండు కొట్టి పెట్టండి.

ప్రాజెక్టుల డబ్బులో ల్యాప్‌టాప్‌కూ ప్రొజెక్టర్‌కూ చోటుంటుంది. యూపీఎస్ బ్యాటరీ, పిడుగులు తట్టుకునే ఎర్తింగ్ అని బిల్లు పెడితే మాత్రం ఇదెందుకని తిప్పి పంపుతారు. నిధులిచ్చేవాళ్లు ఆ రెండింటికీ అంచనాల్లోనే లైను రాయాలి. ల్యాప్‌టాప్ ఒకటి తగ్గినా ఫర్వాలేదు.