జెండా వెనుక చైనా యాత్ర



అమీర్‌పేటలో ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి ఈ నెల ఒక ప్రశ్న పంపింది. వాళ్ల తాతయ్య, నానమ్మ పంజాగుట్టలోని ఒక ట్రావెల్స్ వారి బృందంతో చైనా వెళుతున్నారట. షియాన్ అనే పాత నగరంలో రెండు రోజులు ఉంటారట. “తాతయ్యను అక్కడ ఏమేం చూసి రమ్మనాలి?” అని అడిగింది. ఏమేం కొనుక్కు రమ్మనాలి అని అడగలేదు, గమనించారా!

ఇటువంటి యాత్రలో ముప్పై నలభై మంది ఒకే బస్సులో తిరుగుతారు. ముందు ఒక గైడు చిన్న జెండా ఎత్తి పట్టుకుని నడుస్తాడు. వెనుక మనవాళ్లు సంచుల్లో ఆవకాయ సీసాలతో నడుస్తారు. “ఇక్కడ నలభై నిమిషాలు, తరువాత అందరూ బస్సు దగ్గరికి రావాలి” అంటాడు గైడు. దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వను. బడిపిల్లలను నాగార్జునకొండకు తీసుకువెళ్లి, లాంచీ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి తలలు లెక్కపెట్టుకున్నవాడికి ఆ జెండా విలువ తెలుస్తుంది. అయితే ఆ నలభై నిమిషాల్లో ఏం కనబడుతుందన్నది, ఇంటి దగ్గర ఏం తెలుసుకుని బయలుదేరామన్నదాని మీద ఉంటుంది.

మొదట గడియారం సంగతి చూద్దాం. అక్కడ దిగగానే తాతయ్య గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. కాని సూర్యుణ్ణి అడిగితే వేరే లెక్క చెబుతాడు. హైదరాబాదు 78½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. షియాన్ సుమారు 109 డిగ్రీల మీద ఉంది. తేడా 30½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 122 నిమిషాలు, అంటే రెండు గంటల రెండు నిమిషాలే! మిగిలిన 28 నిమిషాలు ఏమైనట్టు? చైనా అంతటికీ ఒకటే గడియారం. అది 120 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. మన దేశపు గడియారం 82½ డిగ్రీలను బట్టి నడుస్తుంది. ఇక అట్లాసు తెరిచి మిగతా లెక్క మీరే చేయండి.

షియాన్‌లో కోటగోడ ఇంకా చెక్కు చెదరకుండా నిలిచి ఉంది. మింగు వంశపు రాజుల కాలంలో, 1370 తరువాత కట్టినది. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. అంటే మీ వీధిలో నాలుగంతస్తుల ఇల్లంత! పైన సైకిలు తొక్కవచ్చు. నడిచేవాళ్లకు గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున మూడున్నర గంటలు పడుతుంది. నానమ్మ మోకాళ్లు ఒప్పుకోకపోతే కాస్త దూరం నడిచినా చాలు. ఊరి నడుమ, నాలుగు వీధులు కలిసేచోట గంట గోపురం ఉంది. దాన్ని 1384లో కట్టారు, 1582లో విప్పి ఇప్పుడున్న చోటికి మార్చారు. ఆ తరువాత తొమ్మిదేళ్లకు, 1591లో, ఇక్కడ మన చార్మినారు లేచింది. అది కూడా నాలుగు వీధుల కూడలిలోనే గదా!

మట్టి సైనికుల దగ్గరికి ఎటూ తీసుకువెళతారు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం 210లో చనిపోయిన చిన్ చక్రవర్తి సమాధికి కాపలాగా పెట్టిన బొమ్మలవి, మనిషంత ఎత్తున, వేల కొలది. ఇప్పుడు మట్టిరంగులో ఉన్నాయి గాని, పాతిపెట్టిననాడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులతో మెరిసేవి. రంగు కింద ఒక చెట్టు పాలతో చేసిన పూత ఉంది. రెండు వేల ఏళ్లు తడిమట్టిలో ఉన్న ఆ పూతకు పొడిగాలి తగలగానే తేమ ఆరిపోతుంది. పూత ముడుచుకుని, కొన్ని నిమిషాల్లోనే పెచ్చులుగా రాలుతుంది. రంగు కూడా దానితోనే పోతుంది. చక్రవర్తి అసలు సమాధిని ఇంతవరకూ తెరవలేదు. తొందరపడి తవ్వకపోవడం మంచిపనే అని నా అభిప్రాయం.

ఇక నేను తప్పక చూసి రమ్మనేది వేరే ఉంది. ఊరికి దక్షిణాన ఒక ఇటుక గోపురం ఉంది. ఏడంతస్తులు, ఎత్తు సుమారు 64 మీటర్లు. పెద్ద అడవిబాతు గోపురమని దాని పేరు. దీనికీ మనకూ చుట్టరికముంది.

ఆ రోజుల్లో షియాన్‌ను చాంగాన్ అనేవారు. అక్కడినుంచి 629 ప్రాంతంలో హ్యూన్‌త్సాంగ్ అనే బౌద్ధ భిక్షువు, సరిహద్దు దాటరాదని రాజాజ్ఞ ఉన్నా, బుద్ధుని గ్రంథాల కోసం రహస్యంగా బయలుదేరాడు. దారిలో ఒక రాజు ఆయనకు 30 గుర్రాలను, 25 మంది మనుషులను, ముందు దేశాల రాజులకు 24 పరిచయ లేఖలను ఇచ్చి పంపాడు. అదీ ఒక బృందయాత్రే! కాని మంచుకొండలు దాటేసరికి ఆ బృందంలో పదిమందికి ముగ్గురో నలుగురో ఆకలికీ, చలికీ చనిపోయారు.

అంత దూరం నుంచి వచ్చినవాడు మన ఆంధ్రదేశం కూడా చూశాడు. ఇక్కడివాళ్ల మాట ఉత్తరాది మాటలా లేదనీ, రాత మాత్రం చాలావరకు అలాగే ఉందనీ రాసుకున్నాడు. తరువాత ధాన్యకటకానికి వచ్చాడు. అది నేటి అమరావతి ప్రాంతమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆయన వచ్చేనాటికే అక్కడి విహారాలు చాలా పాడుపడ్డాయి. ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయి. అయినా సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు దొరికారు. ఆయన కొన్ని నెలలు ఉండిపోయి వారి దగ్గర మహాసాంఘిక శాస్త్రాలు చదువుకున్నాడు. తాను చదివిన మహాయాన శాస్త్రాలు వారికి చెప్పాడు. ఇటు గురువులు, అటు శిష్యులు ఇద్దరూ వారే! ఉపాధ్యాయుడినైన నాకు ఆ నెలలు తలచుకుంటే ఎంతో ముచ్చటగా ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో సింధునది దాటుతుండగా పడవ ఊగిపోయి కొన్ని పుస్తకాలు నీళ్లపాలయ్యాయి. వాటికి మారు ప్రతుల కోసం మళ్లీ మనుషులను పంపాడు. 645లో 657 గ్రంథాలను 20 గుర్రాలపై వేసుకుని చాంగాన్ చేరాడు. అవి నిప్పుకు ఆహుతి కాకూడదని, 652లో ఈ గోపురం కట్టించాడు. అప్పటికి ఆయన యాభై దాటినవాడు. అయినా తానే తట్ట ఎత్తి ఇటుకలు మోశాడు. అప్పుడు ఐదంతస్తులే, ఇప్పుడున్న రూపం తరువాతి కాలపు మరమ్మతులలో వచ్చింది.

అమ్మాయీ, తాతయ్య గోపురం ముందు ఫోటో దిగేటప్పుడు పక్కవాళ్లకు ఈ సంగతి చెప్పమను. ఆయన తిరిగి వచ్చాక ఒక రోజు మీరంతా కలిసి అమరావతి వెళ్లి రండి. స్తూపపు శిల్పాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాలకు వెళ్లిపోయాయి గాని, దిబ్బ ఉంది, పక్కనే మ్యూజియం ఉంది. శుక్రవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు దానికి సెలవు.