డీఎన్ఏ ఎవరికి సాక్ష్యం, ఎవరికి సంకెల?

"డీఎన్ఏ అబద్ధం చెప్పదు" అని సినిమాల్లో, వార్తల్లో వింటూనే ఉంటాం. నిజమే. కానీ అది తనంతట తాను కోర్టుకి నడిచి రాదు. ఎవరో ఒకరు సేకరించాలి, సీలు వెయ్యాలి, ల్యాబుకి పంపాలి. మన ఏజెన్సీలో ఆ పని నడిపించేది పోలీసులే. అందుకే ఈ సైన్సు ఆదివాసీ యువతకి తెలిసి ఉండాలి.

విషయం కష్టమైనదేం కాదు. మనుషులందరి డీఎన్ఏ 99 శాతానికి పైగా ఒకటే. దొరకీ కూలీకీ తేడా లేదు. అయితే డీఎన్ఏలో కొన్ని చోట్ల ఒక చిన్న ముక్క పూసల దండలో పూసల్లాగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరికి అది 9 సార్లుంటే ఇంకొకరికి 14 సార్లు. ప్రతి చోటా అమ్మ నుంచి ఒక దండ, నాన్న నుంచి ఒక దండ. ఒక్క చోట లెక్క కలిస్తే అది పదిమందిలో ఒకరికి కలవొచ్చు. రెండు చోట్లయితే వందలో ఒకరు, మూడు చోట్లయితే వెయ్యిలో ఒకరు. ఇట్లా 20 చోట్ల చూస్తే, ఒకే కడుపున పుట్టిన ఒకే పోలిక కవలలు తప్ప ఇద్దరు మనుషులకి అన్నీ కలవడం దాదాపు అసాధ్యం.

ఈ పద్ధతి కనిపెట్టింది ఇంగ్లండ్‌లో లెస్టర్ యూనివర్సిటీ సైంటిస్టు అలెక్ జెఫ్రీస్, 1984లో. నేర దర్యాప్తులో మొదటిసారి వాడినప్పుడు అది ముందు చేసిన పని ఒక అమాయకుణ్ణి విడిపించడం. ఇద్దరు అమ్మాయిల హత్యల్లో ఒకటి తానే చేశానని 17 ఏళ్ల కుర్రాడు పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు. డీఎన్ఏ అతను కాదని తేల్చింది. అసలు దోషికి 1988లో శిక్ష పడింది. స్టేషన్లో 'ఒప్పుకోవడం' అంటే ఏంటో మనకి వేరే చెప్పాలా?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1988 నాటికే హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం ఈ పరిజ్ఞానాన్ని సొంతంగా తయారు చేసింది. అత్యాచార కేసుల్లో డీఎన్ఏ పరీక్షకి నమూనాలు తీసుకోవాలని 2006 నుంచి చట్టంలోనే ఉంది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని 11 మంది కొంధు మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగ్గా చెయ్యలేదంది, ఆ మహిళలకి పరిహారం ఇమ్మంది. సైన్సు ఉంది, ల్యాబు ఉంది, చట్టం ఉంది. లేనిది దర్యాప్తు చెయ్యాలన్న ఉద్దేశం.

అదే రాజ్యం మన ఒంట్లోంచి శాంపిల్ తీసుకోవడానికి మాత్రం ముందే ఉంది. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టంలో డీఎన్ఏ అనే మాట లేదు గానీ 'జీవ నమూనాలు, వాటి విశ్లేషణ' అని ఉంది. అరెస్టయినవాళ్ల నుంచి తీసుకోవచ్చు, రికార్డు 75 ఏళ్లు దాచొచ్చు. పోడు కేసులని, అడవి కేసులని ఎవరు ఎక్కువగా స్టేషన్లకి తిరుగుతున్నారో మనకి తెలుసు. ఆ లెక్కన ఆ ఖాతాలో ఎవరి పేర్లు ఎక్కువ చేరతాయో ఊహించుకోవచ్చు.

ఇంకో మెలిక ఉంది. పైన చెప్పిన 'పదిమందిలో ఒకరు' అన్న అంకె ఎవరిని లెక్కపెట్టి తెచ్చారు? తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు జరిగే చిన్న తెగల్లో కొన్ని లెక్కలు ఎక్కువమందికి కలుస్తాయి. అలాంటి సమూహాలకి లెక్క సవరించాలని అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1996లోనే చెప్పింది. 20 చోట్లూ కలిస్తే ఈ తేడా పెద్దగా పట్టకపోవచ్చు. కానీ పాడైపోయిన శాంపిల్లో ఏ ఆరేడు చోట్లో దొరికినప్పుడు, అనుమానితులు ఒకే గూడెంలో అన్నదమ్ములైనప్పుడు, ఈ ప్రశ్న ఒక మనిషి జీవితాన్ని తేలుస్తుంది.

కాబట్టి డీఎన్ఏని దేవుడని మొక్కొద్దు, దెయ్యమని పారిపోవద్దు. అడగడం నేర్చుకుందాం.

మన ఆడబిడ్డకి అన్యాయం జరిగితే 24 గంటల్లో డాక్టరు పరీక్ష చేయించాలని, డీఎన్ఏ నమూనా తీసుకోవాలని పట్టుబట్టండి. ఆ బట్టలు ఉతకొద్దు. ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు. మనవాణ్ణి పట్టుకెళ్తే ఏ కేసు, ఏ సెక్షన్ అని అడగండి. మహిళలు, పిల్లలమీద నేరాలూ, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలూ కాకపోతే, అరెస్టయిన మనిషి జీవ నమూనా ఇవ్వనని చెప్పొచ్చు. ఆ మాట అదే 2022 చట్టంలో రాసి ఉంది. కేసు కొట్టేస్తే రికార్డు చెరిపేశారా అని లాయరు చేత అడిగించండి. కోర్టులో 'కోట్లలో ఒకరు' అంటే, ఏ జనాన్ని లెక్కపెట్టి చెప్తున్నారని అడిగించండి.

వాకపల్లి అక్కలు పదహారేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఇంకో ఊరికి ఆ గతి పట్టకూడదంటే, మొదటి రోజే మొదటి శాంపిల్ గురించి అడిగే కుర్రాడో పిల్లో ప్రతి గూడెంలో ఉండాలి.