గుర్రప్పందేలు: డేటా సైన్స్‌తో గెలిచే గుర్రాన్ని పట్టేయొచ్చా? లెక్కలు ఏం చెబుతున్నాయంటే..

అమీర్‌పేటలో ఎల్బీనగర్ వైపు మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ పంజాగుట్ట, పదో స్టేషన్ మలక్‌పేట. అమీర్‌పేట అంటే డేటా సైన్స్, పైథాన్ కోచింగ్ సెంటర్లు. మలక్‌పేట అంటే ఆరో నిజాం కాలంలో 1886లో అక్కడికి మారిన రేస్‌కోర్స్. మధ్యలో పంజాగుట్ట.. బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేశారంటూ 2025 మార్చిలో 11 మంది ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసు నమోదైంది ఇక్కడి పోలీస్ స్టేషన్‌లోనే. ఈ మూడింటినీ కలిపే ప్రశ్న ఒకటుంది. క్లాసులో నేర్చుకున్న స్టాటిస్టిక్స్‌తో గుర్రప్పందెంలో డబ్బు సంపాదించొచ్చా? ‘డేటా అనాలిసిస్’ అంటూ ఫోన్‌కి వచ్చే టిప్స్‌ని నమ్మొచ్చా?

షార్ట్‌గా చెప్పాలంటే.. రేసుల్లో ప్యాటర్న్ ఉందో లేదో లెక్క తేల్చగలదు. కానీ ప్యాటర్న్ దొరకడం వేరు, జేబులోకి లాభం రావడం వేరు.

144 రేసులు.. ఒక టెస్ట్

స్టాటిస్టిక్స్ స్టూడెంట్స్‌కి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. సిడ్నీ సీగెల్ 1956లో రాసిన పాఠ్యపుస్తకంలో అమెరికా గుర్రప్పందేల లెక్క ఇచ్చారు. గుండ్రటి ట్రాక్, వరుసగా 8 పొజిషన్లు. లోపలి కంచె పక్కన నిలబడే గుర్రానికి అడ్వాంటేజ్ ఉంటుందా అన్నది ప్రశ్న.

మొత్తం 144 రేసులు. ఏ పొజిషన్‌కూ ప్రత్యేక లాభం లేకపోతే ఒక్కోదానికి సుమారు 18 గెలుపులు రావాలి. నిజంగా వచ్చినవి వరుసగా 29, 19, 18, 25, 17, 10, 15, 11. ఒకటో పొజిషన్‌కి 29, ఎనిమిదో దానికి 11!

ఇది అదృష్టమా, నిజమైన తేడానా? ఇక్కడే కై-స్క్వేర్ టెస్ట్ కావాలి. వచ్చిన సంఖ్యకూ రావాల్సిన సంఖ్యకూ ఉన్న తేడాని వర్గం చేసి, రావాల్సిన సంఖ్యతో భాగించి, అన్నీ కలపాలి. ఇక్కడ వచ్చేది 16.3. కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ రావడానికి ఉన్న అవకాశం 100లో దాదాపు 2 మాత్రమే. అంటే పొజిషన్ ప్రభావం ఉందనడానికి గట్టి ఆధారమే.

ఈ టెస్ట్‌ని 1900లో కార్ల్ పియర్సన్ ఇచ్చారు. ఇందులో తెలుగువారి పేరు కూడా ఉంది. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో ‘స్కోర్ టెస్ట్’ ప్రతిపాదించారు. పైన చెప్పిన రేసుల లెక్కకి దాన్ని వాడితే సరిగ్గా పియర్సన్ ఫార్ములానే వస్తుంది. అమీర్‌పేట క్లాసుల్లో వాడే సాఫ్ట్‌వేర్లలోనూ ఆయన టెస్ట్ కనిపిస్తుంది.

మరి డబ్బెందుకు రాదు?

ఒకటో పొజిషన్ గుర్రం 144లో 29 సార్లు గెలిచింది. అంటే సుమారు 20 శాతం. దాని మీద 100 రూపాయల చొప్పున 100 పందేలు కాశారనుకుందాం. 20 గెలుస్తారు. గెలిచిన ప్రతిసారీ 400 రూపాయలు చేతికొస్తే మొత్తం 8 వేలు. పెట్టింది 10 వేలు! టెస్ట్ పాసైంది, జేబు ఫెయిలైంది. నష్టం లేకుండా బయటపడాలంటే రూపాయికి దాదాపు 5 రూపాయలు తిరిగి రావాలి.

అంత రాదా? అదే అసలు చిక్కు. టోట్‌లో అందరి పందెం డబ్బూ ఒకచోట చేరుతుంది. క్లబ్ వాటా, పన్నులు పోగా మిగిలిందే గెలిచినవాళ్లకి పంచుతారు. లోపలి పొజిషన్ మంచిదని మీకు తెలిస్తే పక్కవాళ్లకీ తెలుస్తుంది. అందరూ దాని మీదే కాస్తే వచ్చే మొత్తం తగ్గిపోతుంది. పైగా హ్యాండిక్యాప్ రేసుల్లో బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు మోయిస్తారు. పోటీ సమంగా ఉండాలనే ఆ ఏర్పాటు. పాత రికార్డు చూసి లెక్క వేసేవాళ్లకి ఇదో అడ్డంకి.

పన్ను దెబ్బ సరేసరి. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేలపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. అదీ లాభం మీద కాదు, పందెం పూర్తి విలువ మీద. గెలిచిన సొమ్ముపై 30 శాతం ఆదాయపు పన్ను అదనం.

హాంకాంగ్‌లో ఒకాయన గెలిచారుగా?

నిజమే. బిల్ బెంటర్ అనే అమెరికన్ హాంకాంగ్ రేసుల్లో కంప్యూటర్ మోడల్‌తో భారీగా సంపాదించారు. 1994లో తన పద్ధతిని పేపర్‌గానూ రాశారు. గమనించాల్సింది ఏంటంటే.. ఆయన మోడల్ జనం కాసే పందేలను పక్కన పెట్టలేదు. పబ్లిక్ ఆడ్స్‌ని కూడా లెక్కలో కలుపుకుంది. ఏళ్ల తరబడి డేటా, ప్రత్యేక టీమ్, పెద్ద పెట్టుబడి ఉంటేనే అది సాధ్యమైంది. మూడు నెలల కోర్సుతో, ఒక ఎక్సెల్ షీట్‌తో అయ్యే పని కాదు.

‘స్కిల్ గేమ్’ అంటే గ్యారంటీనా?

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. టిప్స్ అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇదే. కానీ కోర్టు చూసింది గెలుపులో నైపుణ్యం పాత్ర ఎంత అన్నదాన్నే. పందెం కాసేవాళ్లకి లాభం వస్తుందని ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఆన్‌లైన్ మనీ గేమ్స్ సంగతి వేరు. వాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ కూడా చట్టం చేసింది.

మూడుసార్లు నిజమైన టిప్ వెనక..

ఒకడు 4,096 మందికి మెసేజ్‌లు పంపాడనుకోండి. రేసులో 8 గుర్రాలు. జనాన్ని 8 గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో గుర్రం పేరు పంపుతాడు. ఏ గుర్రం గెలిచినా 512 మందికి టిప్ నిజమవుతుంది. వాళ్లకే మళ్లీ పంపితే రెండో రేసు తర్వాత 64 మంది, మూడో రేసు తర్వాత 8 మంది మిగులుతారు. ఆ 8 మంది దృష్టిలో అతను వరుసగా మూడుసార్లు కరెక్ట్ చెప్పిన జీనియస్! నిజానికి అతనికి గుర్రాల గురించి ఏమీ తెలియక్కర్లేదు. తప్పు టిప్ అందుకున్న మిగతా 4,088 మంది సంగతి ఆ 8 మందికి తెలియదు.

ప్యాటర్న్‌ల వేటలోనూ ఇదే ప్రమాదం. జాకీ, వాతావరణం, గుర్రం రంగు అంటూ సంబంధం లేని 20 అంశాలను 5 శాతం హద్దుతో పరీక్షిస్తే, కనీసం ఒకటి తప్పుగా పాసయ్యే అవకాశం దాదాపు 64 శాతం.

అందుకే ఎవరైనా ‘అక్యురసీ’ అంటూ స్క్రీన్‌షాట్ పంపితే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మొత్తం ఎన్ని టిప్స్ ఇచ్చారు, ఓడినవి ఎక్కడ? అవన్నీ రేసుకి ముందే పెట్టారా? పన్నులు పోగా చివరికి మిగిలింది ఎంత? వీటికి పూర్తి లెక్క చూపించలేకపోతే ఆ టిప్‌కి డబ్బులు కట్టొద్దు.