నల్ల పూత చూసి మోసపోకండి, ముందు బండి కిందికి వంగి చూడండి



ఈ మధ్య మన ఊర్లల్ల పాత కార్లు కొనేవాళ్లు ఎక్కువైన్రు. తప్పేం లేదు. ట్రాక్టరు మీద ఆసుపత్రికి పోలేం, బైకు మీద ఇంటిల్లిపాదీ పోలేం. కానీ కారు ఇంటికి తెచ్చిన వారంలోనే "అన్నా, కింద అండర్ కోటింగ్ కొట్టించిన, ఇగ పదేండ్లు ఢోకా లేదు" అంటున్నరు. ఆ మాట మీదనే నాకు పేచీ.

నా మాట సూటిగా చెప్తున్న. తుప్పు మీద కొట్టిన పూత బండిని కాపాడదు, తుప్పును కాపాడుతది. చెదపట్టిన దూలానికి సున్నం కొట్టినట్టు అన్నమాట.

ఇది నాకు పుణ్యానికి తెల్వలేదు. నా పాత కారు బొల్లారంల కొన్న. రాష్ట్రపతి నిలయం ముందునుంచి రాజీవ్ రహదారి మీద హకీంపేట దాకా నడిపి చూసిన, వెన్న లెక్క పోయింది. వంగి చూస్తే కింద నల్లగా నిగనిగలాడుతుంది. "మంచిగ చూసుకున్నరు" అనుకొని పైసలిచ్చిన. రెండో వానాకాలం చెరువు కట్ట మీద బ్రేకు తొక్కితే పెడల్ లోపలికి పోయింది. ఎట్లనో ఆగింది, పక్కన ఇంటామె, పిల్లలు ఉన్నరు. మెకానిక్ స్క్రూ డ్రైవర్ తోని ఆ నల్ల పూతను పొడిస్తే అప్పడం లెక్క ఇరిగింది. దాని వెనక బ్రేకు పైపు తుప్పు తిని చిల్లు పడ్డది. తర్వాత అడిగితే తెలిసింది, ఆ బండి బదిలీ మీద వచ్చిన వాళ్లది, కొన్నేండ్లు విశాఖపట్నంల తిరిగింది. సముద్రపు గాలిల ఉప్పుంటది, ఇనుముకు అది విషం.

బొల్లారం, తిరుమలగిరి, అల్వాల్ అంతా కంటోన్మెంట్ పక్క ఏరియాలు. బదిలీల మీద దేశమంతా తిరిగిన బండ్లు అక్కడ అమ్మకానికి వస్తయి. మంచి బండ్లు దొరకవని కాదు. నున్నటి రోడ్డు మీద నడిపి చూస్తే మాత్రం కింద ఏముందో తెల్వదు. ర్యాంపు ఎక్కించి చూడాలె. కొత్తగా కొట్టిన నల్ల పూత కనపడితే సంతోషపడకండి, అనుమానపడండి.

ఇగ మన తప్పులు మాట్లాడుకుందాం. సిటీ కారు కన్నా మన కారు తొందరగా ఎందుకు కుళ్లుతది? ఒకటి, బురద. పొలం బాట బురద చక్రాల పైన, డోర్ల కింది సందుల్ల ఇరుక్కొని వారాల తరబడి తడిగనే ఉంటది. రెండు, ఎరువు. పొటాష్ బస్తా, యూరియా బస్తా డిక్కీల ఏసుకొని వస్తం. కారిన పొడి మ్యాటు కిందికి పోతది. మనం వాడే ఎర్ర పొటాష్ కూడా ఒక తీరు ఉప్పే. చెమ్మ తగిలితే కరిగి రేకును లోపలినుంచి తింటది. పైన పూత ఎంత మందంగ ఉన్నా లాభం లేదు. బస్తా తేవాల్సి వస్తే కింద తార్పాలిన్ పరవండి, ఆ సాయంత్రమే మ్యాట్లు ఎత్తి దులపండి.

మరి పూత వద్దా అంటే, వద్దనట్లేదు. వరుస ముఖ్యం. విత్తన శుద్ధి విత్తే ముందు చేస్తం గని మొలక చచ్చినంక చేస్తమా? వానలు పోయినంక వాటర్ సర్వీసింగ్ల కింది నుంచి బాగ కడిగించండి. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటయి, సైకిల్ పుల్లతోని పొడిచి తెరవండి. రెండు రోజులు ఎండల ఆరనియ్యండి. తుప్పున్న కాడ వైరు బ్రష్ తోని గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టించండి. చిల్లు పడితే రేకు ఏయించండి. ఆ తర్వాతనే కోటింగ్. సైలెన్సర్ కు, బ్రేకులకు పూత తగలొద్దు. ఛాసిస్ నంబర్ కనపడాలె. ఇంట్ల చేసుకునేటోళ్లు జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరకండి.

కొందరు కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తరు. నాగలికి, కల్టివేటర్ కు పూస్తం గదా అని. కారు కింద రబ్బరు బుష్షులు, బూట్లు ఉంటయి, నూనెకు ఉబ్బి పాడైతయి. దుమ్ము పట్టుకుంటది, కారిన నూనె మన మట్టిల్నే పడ్తది. నేనైతే వద్దంట.

రాయి దెబ్బకు పూత ఆగదు, దానికి ఇంజిన్ కింద ఇనుప గార్డు కావాలె. ఆయిల్ చాంబర్ కు దెబ్బ తగిలి నూనె కారుతుంటే అక్కడనే ఇంజిన్ బందు చెయ్యండి. ఇల్లు రెండు కిలోమీటర్లే గదా అని నడిపితే ఇంజినే పోతది. రోడ్డు మీద పరిచిన ఉలవ తీగ, కంది కట్టె మీదికెళ్లి పోతే దిగి కింద చూడండి. వేడి సైలెన్సర్ కు చుట్టుకుంటే మంట అంటుకుంటది.

ఇంకో మాట, కోపం రావద్దు. రోడ్లు ఖరాబున్నయని సర్కారును తిడ్తం. మరి కేజ్ వీల్స్ తోని తారు రోడ్డు మీద ట్రాక్టరు నడిపేది ఎవరు? ఇంటి ముందట మోకాలెత్తు స్పీడ్ బ్రేకర్ పోసుకునేది ఎవరు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన ఊరి దిమ్మెలు ఒకసారి కొలిచి చూడండి. గ్రామసభల అడగాల్సిన ముచ్చట ఇది.

15 ఏండ్లు దాటిన కారుకు మళ్లీ రిజిస్ట్రేషన్ ఫీజు 2022 ఏప్రిల్ల 600 నుంచి 5,000కు పెంచిన్రు. ఫిట్‌నెస్ చూసినంకనే చేస్తరు. కింద కుళ్లిన బండికి ఆ పైసలు కట్టుడు దండుగ.

ఎడ్లను కొనేటప్పుడు పళ్లు చూసి, గిట్టలు ఎత్తి చూసినోళ్ల బిడ్డలం మనం. కారుకు వంగి చూస్తే నడుము ఇరగదు. ఈ ఆదివారం ఒక్క గంట కేటాయించండి. ముందు బ్రేకు పైపు చూడండి.