గృహరక్షణము: సెల్‌ఫోనులోని యింటిదొంగ



బ్యాంకునుండి వచ్చు ఓటీపీ సంఖ్యను పరులకు జెప్పరాదని మన స్త్రీలలో పెక్కుమంది యెరుగుదురు. సంతోషమే. కాని యెవరికిని జెప్పకున్నను ఆ సంఖ్య దొంగలచేత బడు మార్గమొకటి గలదు. ఈ మాసమున దానినిగూర్చి విన్నవింపదలచితిమి.

ఇది క్రొత్త మోసము గాదు. ఇటలీ, జర్మనీ, స్పెయిన్, నెదర్లాండ్సు దేశములలో 30,000కు పైబడిన ఖాతాలనుండి సుమారు 3 కోట్ల 60 లక్షల యూరోలు ఇట్లే అపహరింపబడినట్లు 2012లో బయల్పడినది. దొంగలు మొదట కంప్యూటరులోనికిని, పిమ్మట సెల్‌ఫోనులోనికిని మాయప్రోగ్రామును జొప్పించి, బ్యాంకు పంపిన సంఖ్యను తామే గ్రహించిరి.

నేడు మన దేశమున ఆ దొంగ శుభలేఖ రూపమునను వచ్చుచున్నాడు. పెండ్లిపిలుపనియో, బండి చలానా యనియో, బ్యాంకు కేవైసీ యనియో వాట్సాప్‌లో నొక ఫైలు వచ్చును. దాని పేరుచివర 'ఏపీకే' యను ఇంగ్లీషు అక్షరము లుండును. శుభలేఖ చూచుటకు యాప్‌తో బనియేమి? దానిని ఇన్‌స్టాల్ చేసినచో, ఎస్సెమ్మెస్‌లు చదువుటకు అనుమతి యడుగును. సరేయని నొక్కుట తాళపుచెవుల గుత్తిని పరులచేతి కిచ్చుటయే. పిమ్మట బ్యాంకు సందేశము మన కంటబడకుండనే దొంగకు జేరవచ్చును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు గదా! బంధువుల ఫోనునుండి వచ్చినను నమ్మరాదు. వారి ఫోనును దొంగవశమై యుండవచ్చును.

ఈ దినమే మీ ఫోను సెట్టింగులలో ఏ యాప్‌లకు ఎస్సెమ్మెస్ అనుమతి గలదో చూచి, అక్కరలేనివానికి దొలగింపుడు.

ఒకవేళ అట్టి ఫైలును దెరచి యాప్‌ను ఇన్‌స్టాల్ చేసినచో, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో నుంచి, వేరొక ఫోనునుండి వెంటనే బ్యాంకునకు దెలుపుడు. సొమ్ము పోయినచో 1930 సంఖ్యకును ఫోను చేయుడు. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు బారిపోకముందే నిలుపవలెను గావున ప్రతి నిమిషమును విలువైనదే.

భర్తయో, అత్తమామలో కోపింతురను భీతిచే సంగతి దాచుకొను స్త్రీలు గలరు. ఆ జాగే దొంగకు గావలసినది. చదువుకొన్న పురుషులును ఇట్లే మోసపోవుచున్నారు. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. ఇంటివారికిని మా మనవి యొకటి: మోసపోయినదానిని దూషించుటకు ముందు ఫోను చేయుడు. దూషణ వలన పోయిన సొమ్ము రాదు. త్వరపడినచో గొంతయైనను దక్కవచ్చును.