పుస్తకంలో గ్లైకోసైడు – పొలంలో నాము



నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. ఆ ఏడు మా యర్రగొండపాలెం వైపు వానలు సరిగా లేవు. మోకాలెత్తు కూడా ఎదగని జొన్నచేలో మా పాడిగేదె పడి మేసింది. కాసేపటికే రొప్పుతూ కూలబడి ప్రాణం విడిచింది. "నాము తగిలిందిరా" అని అవ్వ ఏడ్చింది. "అవన్నీ మూఢనమ్మకాలు అవ్వా" అన్నాను నేను. ఆ గేదె పాల డబ్బులే మా ఇంటికి ఆధారం.

ఆ నాము ఏమిటో ఎమ్మెస్సీలో గాని నాకు తెలియలేదు. గ్లూకోజ్‌ను మిథైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా ఆమ్లం చేర్చి వేడిచేస్తే ఒక నీటి అణువు పోయి, చక్కెర మొదటి కార్బన్‌కు ఆల్కహాల్ అతుక్కుంటుంది. అదే గ్లైకోసైడు. 1893లో ఎమిల్ ఫిషర్ ఈ పద్ధతి చూపాడు. మొక్కలో ఆమ్లం పనిని ఎంజైములు చేస్తాయి. కుంకుడుకాయ నురగ, గన్నేరు విషం రెండూ గ్లైకోసైడ్లవే.

జొన్నలో ఉండేది ధురిన్. సైనైడ్‌ను మోసే ఒక ఆల్కహాల్‌కు గ్లూకోజ్ కట్టి జొన్న దాన్ని దాచుకుంటుంది. ఆ కట్టు తెంచే ఎంజైము ఆకులోనే వేరే అరలో ఉంటుంది. పశువు నమిలితే రెండూ కలిసి సైనైడ్ విడుదలవుతుంది. లేత మొక్కలో, వాడిన మొక్కలో, కోసిన మోడు నుంచి వచ్చే పిలకల్లో ఇది ఎక్కువ. డన్‌స్టన్, హెన్రీ 1902లో దీన్ని కనిపెట్టారు. అవ్వకు అంతకు ముందు తరాలవాళ్ళే చెప్పారు.

నా అభిప్రాయం ఒక్కటే. మన పాఠంలో మిథైల్ ఆల్కహాల్ ఉంది, జొన్న లేదు. మన ఊళ్ళో జొన్న ఉంది, పాఠం లేదు. ఈ రెంటినీ కలపగలిగింది ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న మనమే. "పరీక్షలో ఇది రాదు గదా అన్నా" అంటారు. మార్కుల కోసం బట్టీపట్టిన చర్యను నేను పరీక్ష కాగానే మరిచాను. జొన్నతో కలిపి చదివాక మరవలేదు.

పెద్దలు చెప్పిందల్లా నిజమని నేననను. పరీక్షించకుండా కొట్టిపారేయవద్దంటాను.

ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఈ మాటలు చెప్పండి. జొన్న పూతకు వచ్చాకే పచ్చిమేత వేయాలి. కోసి బాగా ఎండబెట్టిన చొప్పలో ప్రమాదం తక్కువ. నాము తగిలితే క్షణం ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవాలి. ఆయన ఇచ్చే ఇంజెక్షన్లలో ఒకటి సోడియం థయోసల్ఫేట్, డిగ్రీ ల్యాబులో అయోడిన్ టైట్రేషన్‌కు మనం వాడే హైపోయే!

అవ్వ ఇప్పుడు లేదు. ఆమెకు చెప్పాల్సిన జవాబు మీకు చెబుతున్నాను.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్న,
ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, పూర్వ విద్యార్థి